ఓవెన్ లేకుండా క్రిస్మస్ చాక్లెట్లు: కడప, అనంతపురం ఎండకు ఏది నిలుస్తుంది?

పోయిన ఏడాది మీ చాక్లెట్ల మీద వచ్చిన తెల్ల పొర బూజు కాదు. భయపడి డబ్బా మొత్తం పారేశానని రాశారు, అయ్యో అనిపించింది. చూడ్డానికి బాగుండదు గానీ తింటే ఏమీ కాదు. అది ఎందుకొచ్చిందో మీ ప్రశ్నలోనే ఉంది. షాపులో దొరికే మిల్క్ చాక్లెట్ బార్లు కొన్ని, కాంపౌండ్ స్లాబ్ (కేకు సామాన్ల షాపుల్లో దొరికే, వేరే కొవ్వుతో చేసిన చాక్లెట్ దిమ్మ) ఒకటి కలిపి కరిగించానన్నారు కదా, తంటా అక్కడే.

మిగతావాళ్లకూ పనికొస్తుంది కాబట్టి మీరు అడిగినదంతా ఒకసారి చెప్పుకుందాం. మీరుండేది కడప. 24 సాయంత్రం చర్చిలో నలభై మంది పిల్లలకు పంచాలి. బంధువులకు, పక్కింటివాళ్లకు పది గిఫ్ట్ బాక్సులు కావాలి. వాటిలో రెండు మీ తమ్ముడితో బస్సులో బెంగళూరు వెళ్లాలి. ఓవెన్ లేదు, థర్మామీటర్ లేదు. ఏ చాక్లెట్ కొనాలి, మచ్చలు రాకుండా ఏం చెయ్యాలి, వైట్ చాక్లెట్‌లో రోజ్ కలర్ వెయ్యగానే ఎందుకు ముద్దయింది, ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను అనంతపురంలో డిసెంబర్, జనవరి నెలల్లో ఇంటి నుంచే చాక్లెట్ ఆర్డర్లు చేస్తుంటాను. ఎండ విషయంలో మీ ఊరికీ మా ఊరికీ పెద్ద తేడా లేదు కాబట్టి నాకు కుదిరింది మీకూ కుదురుతుంది.

ముందు కొనే సంగతి. అసలైన చాక్లెట్‌లో ఉండే కొవ్వు కోకో బటర్. అది సుమారు 34 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది, అందుకే నోట్లో పెట్టుకోగానే జారిపోతుంది. అదే గుణం వల్ల దానితో పని చెయ్యడం కష్టం. ఎలా పడితే అలా కరిగించి అచ్చులో పోస్తే మెరుపు రాదు, విరిచినప్పుడు టక్కుమనదు, రెండు రోజుల్లో తెల్ల చారలు తేలతాయి. టెంపరింగ్ చెయ్యాలి, అంటే కరిగించి లెక్క ప్రకారం చల్లార్చాలి, దానికి థర్మామీటర్, ఓపిక రెండూ కావాలి. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది, ఎక్కువగా పామ్ కెర్నెల్ నూనెతో చేసినది. కరిగించి పోస్తే దానంతట అదే గట్టిపడుతుంది, టెంపరింగ్ అక్కర్లేదు. ఈ రెండు కొవ్వులకు ఒకదానితో ఒకటి పడదు. కలిపితే చాక్లెట్ మెత్తగా ఉండిపోతుంది, కొవ్వు పైకి తేలి తెల్ల పొర కడుతుంది. మీకు జరిగింది ఇదే. కొంటే మొత్తం కాంపౌండ్ కొనండి, లేకపోతే మొత్తం అసలు చాక్లెట్ కొనండి. రెండూ ఒక గిన్నెలో వెయ్యొద్దు.

ఎలా గుర్తుపట్టాలంటే ప్యాకెట్ వెనక చదవండి. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. కొవ్వు పేరు కోకో బటర్ ఒక్కటే ఉంటే అసలు చాక్లెట్. కేకు సామాన్లు అమ్మే షాపులో డార్క్ కాంపౌండ్, మిల్క్ కాంపౌండ్, వైట్ కాంపౌండ్ అని అడిగితే 400 లేదా 500 గ్రాముల స్లాబులు ఇస్తారు. మోర్డే లాంటివి దాదాపు ప్రతి షాపులోనూ ఉంటాయి. మొదటిసారి పెద్ద ఎత్తున చేస్తున్నారు కాబట్టి కాంపౌండే తీసుకోండి. రుచిలో అసలు చాక్లెట్ మేలే, కాదనను. కానీ నలభై మంది పిల్లల చేతుల్లో, బస్సులో, పండగ హడావిడిలో నిలబడాల్సిన సరుకు ఇది. ఊటీ నుంచి వచ్చినవాళ్లు తెచ్చే హోమ్‌మేడ్ చాక్లెట్ చూసి మనమూ అలాగే చేద్దామనుకుంటాం. ఆ ఊరు 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అక్కడి చలి వాళ్ల పని సగం చేసిపెడుతుంది. మనకు డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం 30 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే పని అంతా పొద్దున్నే పెట్టుకోండి. తెల్లవారి ఐదు నుంచి తొమ్మిది లోపు కరిగించడం, పొయ్యడం అయిపోవాలి. తుఫాను ముసురు పట్టిన రోజైతే ఆ రోజు చేయడమే మానుకోండి, గాలిలో తేమకూ చాక్లెట్‌కూ పడదు.

ఇక మీ రోజ్ కలర్ సంగతి. చాక్లెట్ అంటే కొవ్వులో తేలుతున్న చక్కెర, కోకో, పాలపొడి రేణువులు. దానిలో ఒక్క చుక్క నీళ్లు పడినా చక్కెర తడిసి జిగటై రేణువులన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి, అంతే, చూస్తూండగానే ముద్ద. సీసాలో ద్రవంగా దొరికే మామూలు ఫుడ్ కలర్లు నీళ్లతో చేసినవి. చాక్లెట్‌కు ఆయిల్ బేస్డ్ కలర్లు లేదా పొడి కలర్లు కావాలి, షాపులో చాక్లెట్ కలర్ అని గట్టిగా చెప్పి అడగండి. ఎసెన్స్‌లదీ ఇదే కథ. నన్నడిగితే ఎసెన్స్ జోలికి పోకుండా మెత్తగా దంచి జల్లించిన యాలకుల పొడో, దాల్చినచెక్క పొడో చిటికెడు వేస్తే చాలు. అలా ముద్దయినది పారెయ్యకండి. కొంచెం కొంచెంగా వేడి పాలు పోసి కలుపుతూ పోతే మళ్లీ నున్నగా సాస్‌లా వస్తుంది. చుక్క నీళ్లు చెడగొడతాయి గానీ ఎక్కువ పోస్తే చక్కెర పూర్తిగా కరిగి సర్దుకుంటుంది. అచ్చులకు మాత్రం ఇక పనికిరాదు. కేకు మీదో, పిల్లల పాలలోనో వాడేయండి.

నీళ్లు మనం పోస్తేనే పడతాయనుకోవద్దు. కడిగి సరిగా తుడవని గిన్నె, కింద మరిగే నీళ్ల ఆవిరి, తడి పీల్చుకున్న చెక్క గరిటె, సిలికాన్ అచ్చు మూలల్లో దాక్కున్న చుక్క, వీటివల్లే ఎక్కువ పాడవుతుంది. స్టీలు గిన్నె, స్టీలు గరిటె లేదా సిలికాన్ గరిటె వాడండి. అచ్చులు ముందు రోజు రాత్రే కడిగి ఆరబెట్టి, పొద్దున పొడి గుడ్డతో లోపల తుడవండి.

కరిగించడం ఇలా. స్లాబును వీలైనంత సన్నగా తరగండి, పెద్ద ముక్కలు కరిగేలోపు చిన్నవి మాడతాయి. ఒక గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు మరిగించి స్టవ్ ఆపేయండి. దాని మీద కాస్త వెడల్పాటి గిన్నె పెట్టండి, ఆవిరి పక్కల నుంచి పైకి రాకుండా అంచుకు అంచు కూర్చోవాలి, అడుగు నీళ్లకు తగలకూడదు. చాక్లెట్ వేసి రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి తర్వాత మెల్లగా తిప్పండి. స్టవ్ వెలిగించి ఉంచాల్సిన పని లేదు, ఆ వేడి 400 గ్రాములకు సరిపోతుంది. మైక్రోవేవ్ ఉంటే సగం పవర్ మీద ముప్పై సెకన్లు, తీసి కలపడం, మళ్లీ ముప్పై సెకన్లు. ఇంకా నాలుగు పలుకులు మిగిలి ఉండగానే ఆపేసి కలిపితే అవీ కరుగుతాయి. వైట్ కాంపౌండ్ దగ్గర ఇంకా జాగ్రత్త. దానిలో పాలపొడి, చక్కెర ఎక్కువ కాబట్టి తొందరగా మాడి ఇసకలా అవుతుంది. మరీ చిక్కగా అనిపిస్తే 200 గ్రాములకు ఒక టీస్పూన్ కొబ్బరినూనె వెయ్యండి, వంటకు వాడేది, తలకు రాసుకునే సీసా కాదు. వెన్న వెయ్యొద్దు, దానిలో 16 శాతం దాకా నీళ్లే ఉంటాయి.

ఏం చెయ్యాలన్నదానికి వస్తాను. యూట్యూబ్ చూసి రకరకాల అచ్చులు, ఫిల్లింగులు, బంగారు పొడి అంటూ మొదలుపెట్టకండి. కాంపౌండ్ రుచి ఎంత చేసినా ఒక స్థాయి దాటదు. లోపల ఏం వేశారన్నదే దాని రుచి. ఆ లోపలి సరుకు విషయంలో మన జిల్లాలకు కొదవ లేదు.

మొదటిది వేరుశనగ క్లస్టర్లు. బాదం, జీడిపప్పు పెడితేనే గొప్ప అనుకుంటారు గానీ, డార్క్ చాక్లెట్‌తో వేయించిన చెనిక్కాయ గింజకు కుదిరినంత జత ఇంకోటి లేదు. పైగా ఖరీఫ్ పంట అక్టోబర్, నవంబర్‌లో ఇళ్లకు చేరుతుంది కాబట్టి డిసెంబర్‌లో దొరికేది కొత్త గింజ. నేను పాతూరు మార్కెట్‌లో ఒక గింజ నోట్లో వేసుకుని చూసి మరీ తీసుకుంటాను. ముక్కిపోయిన వాసన ఉన్న గింజను చాక్లెట్ దాచలేదు. మా వైపు పండే కదిరి-6 రకం గింజ మరీ పెద్దగా ఉండదు, క్లస్టర్‌కు అదే బాగుంటుంది. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఒక్కటి కూడా మిగలకుండా ఏరెయ్యండి. రుచి కోసమే కాదు, బూజు పట్టిన వేరుశనగలో విషపదార్థం చేరుతుంది, వేయించినా పూర్తిగా పోదు. కొత్త గింజలో తేమ ఎక్కువ, కాబట్టి సన్న మంట మీద పన్నెండు, పదిహేను నిమిషాలు ఓపిగ్గా వేయించండి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాక చేత్తో నలిపి, చేటలో చెరిగి పొట్టు తీసేయండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే చాక్లెట్‌లో వేస్తే గింజలోంచి వచ్చే ఆవిరి మళ్లీ మన పాత శత్రువే.

400 గ్రాముల డార్క్ కాంపౌండ్‌కు 250 గ్రాముల వేయించిన గింజలు, రెండు చిటికెల ఉప్పు. ఉప్పు తప్పకుండా వెయ్యండి, తీపిని కాస్త తగ్గించి గింజ రుచి పైకి తెస్తుంది. కలిపి బటర్ పేపర్ మీద టీస్పూన్‌తో చిన్న కుప్పలుగా పెట్టండి, నలభై ఐదు దాకా వస్తాయి. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పేపర్ నుంచి వాటంతట అవే ఊడి వస్తాయి. గింజల్లో కొంత వంతు తగ్గించి ఆ మేరకు వేయించిన తెల్ల నువ్వులు వేస్తే ఇంకా బాగుంటుంది, జనవరిలో సంక్రాంతికి నేను చేసేది అదే.

రెండోది బొరుగులు, కొన్ని వైపుల మరమరాలంటారు. నలభై మంది పిల్లలు అన్నారు చూడండి, వాళ్లకు దీన్ని మించింది లేదు. తక్కువ ఖర్చు, చూస్తే పెద్దగా కనిపిస్తుంది, కొరికితే కరకరలాడుతుంది. ఉగ్గాని చేసుకునే బొరుగులే, కాకపోతే నానబెట్టకూడదు. ముందు జల్లించి అడుగున ఉన్న ఇసక, పొడి తీసేయండి. పొడి మూకుడులో సన్న మంట మీద వేయించి, వేళ్లతో నలిపితే పొడి అయ్యేదాకా ఉంచి, బాగా చల్లారనివ్వండి. ఈ ఒక్క మెట్టు దాటేస్తే మెత్తటి బొరుగులు చాక్లెట్‌లో రబ్బరులా సాగుతాయి, పిల్లలు ఒకటి తిని రెండోది పక్కన పెడతారు. 400 గ్రాముల కాంపౌండ్‌కు 70 నుంచి 80 గ్రాముల బొరుగులు, వంద గ్రాముల చెనిక్కాయ పలుకులు. డార్క్ సగం, మిల్క్ సగం వేసుకోండి, ఉత్త డార్క్ చిన్నపిల్లలకు చేదనిపిస్తుంది. కాంపౌండ్‌తో కాంపౌండ్ కలిపితే ఇబ్బంది లేదు. బొరుగుల్లో ఎలాగూ ఉప్పదనం ఉంటుంది కాబట్టి వేరే ఉప్పు వద్దు. చిన్న పేపర్ కప్పుల్లో స్పూన్‌తో వేసుకుంటూ పొండి, చేతికి అంటదు. నలభై వరకు వస్తాయి. ఇవి గాలి తగిలితే మెత్తబడతాయి, కాబట్టి పార్టీకి నాలుగైదు రోజుల ముందు చేసి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి.

మూడోది ఖర్జూరం. మరీ జిగటగా కాకుండా కాస్త గట్టిగా ఉన్న ఖర్జూరాలు తీసుకుని, గింజ తీసి లోపల రెండు వేయించిన వేరుశనగలు గానీ ఒక బాదం గానీ పెట్టి నొక్కి, ఫోర్క్ మీద పెట్టి డార్క్ కాంపౌండ్‌లో ముంచి తియ్యండి. ఆరకముందే పైన నాలుగు నువ్వు గింజలు. అరవై ఖర్జూరాలకు 400 గ్రాములు సరిపోతుంది. ఖర్జూరాలను కడగాల్సి వస్తే ముందు రోజే కడిగి రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టండి. పెద్దవాళ్లకు పంపే బాక్సుల్లో నాకు అన్నిటికంటే మంచి పేరు తెచ్చేది ఇదే.

నాలుగోది కండెన్స్‌డ్ మిల్క్ ఉండలు. సుమారు 400 గ్రాముల టిన్ ఒకటి, మూడు టేబుల్ స్పూన్ల జల్లించిన కోకో పొడి, ఒక స్పూన్ వెన్న. ఇక్కడ వెన్న వెయ్యొచ్చు, ఇది చాక్లెట్ కాదు కాబట్టి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్న మంట మీద కలుపుతూనే ఉండాలి. పది, పదిహేను నిమిషాలకు పాలకోవా దించే ముందు ఎలా ఉంటుందో అలా అంచులు వదిలి ఒకే ముద్దగా తిరుగుతుంది, అప్పుడు దించండి. చల్లారాక చేతికి నెయ్యి రాసుకుని ఉండలు చుట్టి ఎండుకొబ్బరి పొడిలో దొర్లించండి. పాతిక నుంచి ముప్పై వస్తాయి. చక్కెర కలిసిన డ్రింకింగ్ చాక్లెట్ పొడి వాడొద్దు, తీపి మీద తీపి అవుతుంది. పాల పదార్థం కాబట్టి ఇవి పార్టీకే, గిఫ్ట్ బాక్సులోకి వద్దు. ఒక రోజు ముందు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

క్రీమ్‌తో చేసే ట్రఫుల్స్ అడిగారు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు వంద గ్రాముల వేడి ఫ్రెష్ క్రీమ్ పోసి కలిపి, గట్టిపడ్డాక ఉండలు చేసి కోకోలో దొర్లించాలి, అంతే. రుచికి తిరుగులేదు. కానీ ఫ్రిజ్ బయట మన ఊళ్లలో ఉండవు, గిఫ్ట్‌గా ఇస్తే తీసుకున్నవాళ్లు టేబుల్ మీద పెట్టి మర్చిపోతారు. ఇంటికి వచ్చిన అతిథులకు అప్పటికప్పుడు పెట్టడానికి ఉంచుకోండి.

లెక్క చూద్దాం. వేరుశనగవి రెండు విడతలు చేస్తే తొంభై, బొరుగులవి రెండు విడతలు ఎనభై, ఖర్జూరాలు అరవై, ఉండలు రెండు టిన్నులకు యాభై పైన. దీనికి కాంపౌండ్ రెండు కిలోలు పడుతుంది. ఇంకో అర కిలో చేతిలో ఉంచుకోండి, ఎలాగూ గిన్నెకు అంటుకునేది, పిల్లలు నాకేది ఉంటుంది. పిల్లలకు తలా రెండు బొరుగులవి, ఒక క్లస్టర్, ఒక ఉండ. బాక్సుకు ఐదు క్లస్టర్లు, ఆరు ఖర్జూరాలు. మిగిలిన కాంపౌండ్‌తో నక్షత్రం, గంట అచ్చుల్లో చిన్న చాక్లెట్లు పోసి బాక్సుకు రెండేసి పైన పెడితే పండగ కళ వస్తుంది. అచ్చులో పోశాక బల్ల మీద నాలుగుసార్లు తట్టండి, గాలి బుడగలు పైకి వచ్చేస్తాయి. రంగు కావాలంటే వైట్ కాంపౌండ్‌కు పొడి కలర్ కలిపి అచ్చు గీతల్లో టూత్‌పిక్‌తో ముందు నింపి, అది గట్టిపడ్డాక పైన డార్క్ పొయ్యండి.

ఫ్రిజ్ విషయంలో ఒక మాట. తెల్ల మచ్చల్లో రెండో రకం ఇక్కడే పుడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి చాక్లెట్ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది, ఆ నీళ్లలో చక్కెర కరిగి, ఆరాక పైన గరుకుగా తెల్లగా మిగులుతుంది. వేలితో రుద్దితే కొవ్వు మచ్చ కరిగి పోతుంది, చక్కెర మచ్చ గరుకుగానే ఉంటుంది. తేడా అలా పట్టుకోవచ్చు. గట్టిపడటానికి పది, పదిహేను నిమిషాలు చాలు, డీప్ ఫ్రీజర్‌లో అసలు పెట్టొద్దు. తీయగానే రేకు చుట్టకండి, గది వేడికి వచ్చి పైన తడి లేదని చూసుకున్నాక చుట్టండి. రాత్రంతా ఉంచాల్సి వస్తే గాలి చొరని డబ్బాలో పెట్టండి. బయటికి తీశాక కూడా గంట దాకా మూత తియ్యొద్దు, అప్పుడు చెమట డబ్బాకు పడుతుంది, చాక్లెట్‌కు పట్టదు. ఇంకోటి, కొవ్వు వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. పక్కన నిన్నటి చేపల పులుసు ఉందంటే మీ చాక్లెట్ ఆ సంగతి చెప్పేస్తుంది.

గిఫ్ట్ బాక్సుల మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. రిబ్బన్లు, వెల్వెట్ పెట్టెలు చించి అవతల పారేస్తారు. చిన్న స్టీలు డబ్బాలో బటర్ పేపర్ పరిచి పెడితే డబ్బా వాళ్ల వంటింట్లో ఉండిపోతుంది, మన ఇళ్లలో డబ్బా ఖాళీగా తిరిగి రాదు కూడా. క్రిస్మస్‌కు మీ ఇంట్లో అరిసెలు, కర్జికాయలు, నిప్పట్లు ఎలాగూ చేస్తారు కదా, ఒక అర వాటికి, ఒక అర చాక్లెట్లకు ఇవ్వండి, మధ్యలో పేపర్ అడ్డం పెట్టడం మర్చిపోకుండా. నూనె వాసన అంటకూడదు. పైన చిన్న చీటీ మీద చేసిన తేదీ, లోపల వేరుశనగ, నువ్వులు, పాలు ఉన్నాయని రాయండి. వేరుశనగ పడనివాళ్లకు అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. చర్చిలో కూడా పంచే ముందు తల్లిదండ్రులను అడగండి. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజలున్నవి వద్దు, గొంతులో అడ్డం పడతాయి. వాళ్లకు గింజలు లేని అచ్చు చాక్లెట్లు వేరుగా ఉంచండి. మార్ష్‌మెల్లోలు వేద్దామని రాశారు, వాటిలో మామూలుగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, పక్కింటి శాకాహారులకు ఇచ్చే డబ్బాలో వెయ్యకండి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా పెట్టండి, చాక్లెట్ కుక్కలకు విషం.

చక్కెర వ్యాధి ఉన్న మామయ్యగారికి షుగర్ ఫ్రీ చాక్లెట్ చెయ్యనా అన్నారు. వాటిలో వాడే తీపి పదార్థాలు కొన్ని ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తాయి, కొవ్వు ఎలాగూ తగ్గదు. ఆయనకు వేయించిన వేరుశనగలు, బాదం ఉప్పు కారం చల్లి డబ్బాలో పెట్టి ఇవ్వండి, సంతోషిస్తారు.

వచ్చే ఏడాదికి అసలు చాక్లెట్ నేర్చుకోవాలనుంటే క్లుప్తంగా చెప్తాను. ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి. డార్క్ చాక్లెట్‌లో మూడింట రెండు వంతులు 45 డిగ్రీలకు కరిగించి, మిగిలిన వంతు సన్నగా తరిగి కొంచెం కొంచెం వేస్తూ 31, 32 డిగ్రీలకు వచ్చేదాకా తిప్పుతూ ఉండాలి. మిల్క్ అయితే 29, 30. కత్తి మొనను ముంచి పక్కన పెడితే ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. అలా అయితే కోకో బటర్ మనకు కావాల్సిన తీరులో గడ్డకట్టినట్టు. గది 20, 22 డిగ్రీలు ఉన్నప్పుడే ఇది సులువు, అంటే మనకు డిసెంబర్, జనవరి తెల్లవారుజాములే. సరుకు కోసం దూరం చూడక్కర్లేదు. ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా కోకో పండుతోంది, ఆ గింజలతో చేసిన చాక్లెట్లు మంచివే దొరుకుతున్నాయి. అసలు చాక్లెట్ మీద ప్రయోగాలు చిన్న మోతాదులోనే చెయ్యండి. అమ్మకాలు మొదలుపెట్టాలనుకుంటే ఇంటి నుంచి చేసినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు.

రోజుల లెక్క ఇది. 15వ తేదీ లోపు సరుకు తెచ్చుకుని, వేరుశనగలు వేయించి డబ్బాలో పెట్టుకోండి. 17, 18 తేదీల్లో క్లస్టర్లు, అచ్చు చాక్లెట్లు చెయ్యండి. ఇవి చల్లటి చోట మూడు వారాలు ఉంటాయి. 19న ఖర్జూరాలు, రెండు వారాలు ఆగుతాయి. 20న బొరుగులవి. 23న ఉండలు. 24 పొద్దున చాక్లెట్ పని ఏదీ పెట్టుకోకండి, ఆ రోజు మీకు వేరే పనులుంటాయి.

బెంగళూరు డబ్బాలకు వేరుశనగ క్లస్టర్లు, ఖర్జూరాలు మాత్రమే. డబ్బాలో ఖాళీ లేకుండా నలిపిన బటర్ పేపర్ కూరండి, కదిలితే ఒకదానికొకటి రాసుకుని తెల్లగా గీతలు పడతాయి. తమ్ముడిని రాత్రి బస్సుకు వెళ్లమనండి. సంచీ కింద డిక్కీలో వెయ్యకుండా, కిటికీ పక్క ఎండ తగిలే చోట పెట్టకుండా కాళ్ల దగ్గరో, పై అరలోనో ఉంచుకోమనండి. పగటి బస్సే అయితే డబ్బాను నాలుగు మడతల కాటన్ టవల్‌లో చుట్టివ్వండి. ఐసు ప్యాక్ పెట్టొద్దు, కరిగిన తడి డబ్బాలోకి పోతే ముందు చెప్పిన చక్కెర మచ్చలు వస్తాయి.